చూసి ఊరుకోవలసిన నీళ్ళు

నీలాద్రి అయ్యవారిని ఎవరైనా ప్రశ్న అడిగితే, ఆయన ముందు వాళ్ళ చేతులవైపు చూసేవారు. చేతులు ఖాళీగా ఉంటే ఏదో ఒక పని ఒప్పజెప్పేవారు. జవాబు ఆ పనిలోనే ఎక్కడో ఉంటుందని పాత శిష్యులు కొత్తవాళ్ళకు చెబుతూ ఉండేవారు. కొందరికి అది దొరికేది, కొందరికి పని మాత్రమే మిగిలేది. మోక్షం సంగతి అడగడానికి వచ్చిన ఒక పెద్దమనిషి నెల్లాళ్ళు చిక్కుడుపందిరి కట్టి, కాసిన చిక్కుళ్ళు తిని, ఏమీ అనకుండా ఊరికి వెళ్ళిపోయాడు. అయినా మన్యపు కొండల్లో నిమ్మలగొందికి ఎగువన ఉన్న ఆ చిన్న ఆశ్రమానికి మనుషులు వస్తూనే ఉండేవారు, అడుగుతూనే ఉండేవారు.

హైమవతి అక్కడికి వచ్చి రెండేళ్ళయింది. అంతకుముందు విజయనగరంలో ఆడపిల్లల హాస్టలుకు వార్డెనుగా చేసి రిటైరైన మనిషి. ఆమె అజమాయిషీలో ఉన్నన్నాళ్ళూ ఆ హాస్టల్లో ఏ గదీ చిందరవందరగా లేదు, ఏ పిల్లా ఆకలితో పడుకోలేదు, ఏ పిల్లా తనకు తోచినప్పుడు ఏడవనూ లేదు. ఆ ఏడు ఆషాఢంలో ఆమె చెల్లెలు కుసుమకు భర్త పోయాడు. పిల్లలు లేరు. సాలూరులో మరిదిగారింట్లో మేడమెట్ల కింద ఒక గది ఇస్తామన్నారు. తన తోడబుట్టింది మెట్లకింద బతకడమేమిటని హైమవతి వెళ్ళి వెంటబెట్టుకుని వచ్చేసింది. తెచ్చిన రోజునుంచీ ఆమెకు ఒకటే దీక్ష: కుసుమను మళ్ళీ మామూలు మనిషిని చేయాలి. పొద్దున లేపి నడిపించడం, బలవంతాన రెండు ముద్దలు పెట్టడం, భజనలో కూర్చోబెట్టడం, దిగులుగా ఉంటే కబుర్లు చెప్పడం, కబుర్లకు లొంగకపోతే కసరడం. కుసుమ ఏ మాటా కాదనేది కాదు. అలాగని కుదుటపడిందీ లేదు.

మార్గశిరం మొదట్లో హైమవతి అయ్యవారి దగ్గరికి వచ్చి, నమస్కారం సగంలోనే ముగించి అడిగింది.

"అయ్యవారూ, అది పొద్దున నవ్వుతుంది. హమ్మయ్య, దారిలో పడింది అనుకుంటాను. సాయంత్రానికల్లా గోడవైపు తిరిగి పడుకుంటుంది. నాకు విసుగొచ్చేస్తోంది. మనసు దెబ్బతిన్నవాళ్ళని ఒక నిలకడకు తీసుకురావాలంటే ఏం చేయాలో చెప్పండి."

అయ్యవారు ఆమె చేతులవైపు చూశారు.

"కొలను చూసే సింహాచలం కూతురి పురిటికి వెళ్ళాడు. ఈ చలికాలం కొలను మీరు చూడండమ్మా. చేపలు బతికి బట్టకడితే మాట్లాడుకుందాం."

"నేనడిగింది మా చెల్లెలి సంగతి."

"విన్నానమ్మా."

పళ్ళు కొరుక్కుంటూ బయటికి వచ్చిందేగాని, కాదనడానికి ఆమెకు నోరు రాలేదు. దానికో కారణం ఉంది. వంటశాల వెనక తోటలో, రాతిగట్టు కట్టిన నడుములోతు కొలను అది. ఎర్రవీ, తెల్లవీ, మచ్చలవీ ఓ పదీ పన్నెండు రంగుచేపలు అందులో తిరుగుతుండేవి. కుసుమ తనంతట తాను వెళ్ళి కూర్చునే చోటు ఆశ్రమం మొత్తంలో ఆ గట్టొక్కటే. ఎవరూ అడగకుండా ఆమె నోటినుంచి వచ్చిన మాట కూడా ఇన్నాళ్ళలో ఒక్కటే: "ఆ నల్లమచ్చది రోజూ అందరికన్నా ఆలస్యంగా లేస్తుందక్కా." అంచేత ఆ చేపలే కుసుమను ఈ కొండమీద పట్టి ఉంచాయని హైమవతి గట్టిగా నమ్మింది. చేపలుంటే చెల్లెలు ఉంటుంది, చేపలు పోతే సాలూరు మెట్లకింద గదికి పోతుంది. లెక్క అంత సూటిగా ఉన్నాక, వార్డెనుగారు నడుం బిగించక ఏం చేస్తుంది?

ఆ ఆశ్రమంలో ఒక ఆచారం ఉండేది. పంక్తిలో ఎవరూ ముద్ద ఎత్తకముందే మొదటి పిడికెడు అన్నం కొలనులో వేయాలి. దాన్ని చేపముద్ద అనేవారు. చేపలు పైకి వచ్చి అందుకున్నాకే మనుషులు తినడం. ఎండాకాలంలో ఇది చూడముచ్చటగా ఉండేది. మెతుకు నీళ్ళను తాకీ తాకకముందే మాయమయ్యేది. కాని చలి ముదిరాక చేపల ఒంట్లో వేడి ఉండదు, నీళ్ళెంత చల్లనో అవీ అంత చల్లన. అరిగించుకునే శక్తి లేక అడుగున కదలకుండా పడి ఉంటాయి. ఆకలే వేయదు. సింహాచలానికి ఇది తెలుసు కాబోలు, చలికాలంలో నాలుగు మెతుకులు చూపించి చెయ్యి కడిగేసుకునేవాడు. హైమవతికి దొంగలెక్కలు చేతకావు. చేపలు పైకి రాకపోతే వచ్చేదాకా వేసేది. అన్నం వద్దంటే అటుకులు, అటుకులు వద్దంటే వేరుశనగ పిండి ఉండలు. గట్టుమీద వంగి "రా, రా అమ్మా, ఒక్క ముద్ద" అని బతిమాలేది. అవతల పంక్తిలో విస్తళ్ళముందు జనం చేతులు ముడుచుకుని కూర్చుని ఉండేవారు.

వంటమనిషి అప్పలనర్సమ్మ గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చేది. "అమ్మగారూ, పప్పు సల్లారిపోనాది. సేపలు అలిగితే మనుషులేటి పాపం సేసినారు?"

"నువ్వుండు నర్సమ్మా. ఆకలితో ఉన్నాయవి."

"ఆకలితో ఉన్నోలు అదిగో ఆ పంక్తిలో ఉన్నారమ్మగారూ. సేపలు సుబ్బరంగా తొంగున్నాయి."

వారం తిరిగేసరికి నీళ్ళు బియ్యం కడిగిన కుడితిలా మారాయి. ఒక వాసన మొదలైంది. ఇక్కడ కొంచెం ఆగి నీళ్ళ సంగతి చెప్పుకోవాలి, లేకపోతే తరవాతది అర్థం కాదు. తినకుండా వదిలేసిన తిండి అడుగున కుళ్ళుతుంది. కుళ్ళినదాంట్లోంచీ, చేపలు విడిచినదాంట్లోంచీ ఒక విషం పుడుతుంది. మామూలుగా రాళ్ళకు పట్టిన జిగురులో కంటికి కనిపించని జీవులుండి ఆ విషాన్ని ఎప్పటికప్పుడు తినేస్తూ ఉంటాయి. చలికి అవి కూడా ముడుచుకుంటాయి, పని మందగిస్తుంది. అంటే చలికాలపు కొలను కాళ్ళూ చేతులూ ముడుచుకున్న ఇల్లులాంటిది, దాని మీద ఎంత తక్కువ బరువు వేస్తే అంత మంచిది. రెండో సంగతి. నీళ్ళు ఒకప్పుడు పులుపువైపు వాలతాయి, ఒకప్పుడు సున్నంవైపు వాలతాయి. పగలు ఎండ తగిలి పాచి నీళ్ళలో నిలిచిన ఊపిరిని పీల్చేసుకుంటుంది, నీళ్ళు సున్నంవైపు జరుగుతాయి. రాత్రి చేపా, పాచీ అన్నీ వదిలిన ఊపిరి నీళ్ళలోనే నిలిచి, తెల్లారేసరికి పులుపువైపు జరుగుతాయి. ఇది రోగం కాదు. ఉయ్యాల అటూ ఇటూ ఊగినట్టు రోజూ జరిగేదే. ఆ ఊపు మితిమీరకుండా పట్టి ఉంచేది నీళ్ళలో కరిగి ఉన్న కాస్త సున్నపుసారం. కొండ ఊటనీళ్ళలో అది మొదటినుంచీ తక్కువే.

ఇవేవీ హైమవతికి తట్టలేదు. విశాఖపట్నంలో చేపలమ్మే కొట్టునుంచి ఒక పెట్టె తెప్పించింది. గాజుగొట్టంలో కొలను నీళ్ళు పట్టి చుక్కలమందు వేస్తే రంగు వస్తుంది. ఆ రంగునుబట్టి నీళ్ళు ఎటు వాలాయో తెలుస్తుంది. ఇక చూడండి ఆమె పట్టుదల. తెల్లవారి మంచులో శాలువా బిగించుకుని వచ్చి పరీక్ష చేసేది. పసుపుపచ్చగా వచ్చేది. "పులిసిపోతున్నాయి!" అని గోడలకు వేసే సున్నం చెంబెడు కలిపి పోసేది. సాయంత్రం మళ్ళీ పరీక్ష. నీలం తిరిగేది. "అయ్యో, ఎక్కువైంది!" అని చింతపండు పిసికి ఆ రసం పోసేది. మర్నాడు పొద్దున రంగు ఇంకా అటు వెళ్ళేది, సాయంత్రం ఇంకా ఇటు వచ్చేది. పాపం, నీళ్ళలో ఉన్న కాస్త సారాన్నీ ఆ పులుపు రోజుకింత తినేస్తోంది. ఆమె ఎంత దిద్దితే నీళ్ళు అంత తూలిపోయేవి. పైగా సున్నం పోసిన పూట అడుగున ఊరిన విషానికి కోరలు వచ్చేవి. హైమవతికి మాత్రం ఈ కొలను తనమీద పగబట్టినట్టే ఉండేది. ఇంతమంది ఆడపిల్లల్ని దారిలో పెట్టినదాన్ని, గుక్కెడు నీళ్ళు నా మాట వినవా అని మండిపడేది.

"సింతపండు పడ్డాది, సేపలున్నాయి," అంది నర్సమ్మ ఒకరోజు తొంగిచూసి. "ఉప్పూ కారం కూడా ఏసీండమ్మగారూ, ఆశ్రమంలో మొదటిపాలి పులుసు కాసుకుందుము."

"నోరుముయ్ నర్సమ్మా!"

గట్టుమీద కూర్చున్న కుసుమ పెదవి చివర నవ్వు మెరిసింది. హైమవతి అది చూసేసింది. వెంటనే చెల్లెలి పక్కకు చేరింది. "నవ్వావు కదూ? ఇలా ఉండాలే. రా, భజనకు పోదాం. మధ్యాహ్నం పెరుగన్నం తిన్నావా? రాత్రి నిద్ర పట్టిందా? కళ్ళెందుకలా ఉన్నాయి?"

కుసుమ నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది. గాజుగొట్టంవైపు చూసి అంది: "ఆ చుక్కలమందు నా నోట్లో కూడా ఒకటి వేసి చూడక్కా. ఏ రంగొస్తే దానికి తగిన మందు పోద్దువుగాని."

హైమవతికి ఒళ్ళు మండింది. చేసేదంతా ఎవరికోసం? మంచులో నడుములు వంగిపోయేది ఎవరికోసం? ఆ కోపంలోనే పైపు తిప్పి కొలనులో సగం నీళ్ళు బయటికి వదిలేసి, ఐసులాంటి ఊటనీళ్ళు ఒక్కపెట్టున నింపింది. కంపంతా కడిగేస్తే పీడా వదులుతుందనుకుంది.

మర్నాడు పొద్దున కుసుమ గట్టుదగ్గర నిలబడి ఉంది. కూర్చోలేదు. తెల్లచేప ఒకటి వెల్లకిలా తేలుతోంది. మిగతావి అడుగున పక్కకు ఒరిగి, మొప్పలు ఎగరేస్తూ పడి ఉన్నాయి.

"సంతరోజు జీపులో నేను సాలూరు వెళ్ళిపోతానక్కా," అంది.

"ఆ మెట్లకిందకా? అక్కడ నిన్ను పలకరించే దిక్కుంటుందా?"

"ఉండదు. అదే కావాలి నాకు."

హైమవతి చచ్చిన చేపను రెండు చేతుల్లో పట్టుకుని తిన్నగా అయ్యవారి గదిలోకి పోయింది. చెప్పులు విప్పడం కూడా మరిచిపోయింది.

"చూడండి! ఇదీ మీ పని! పొద్దున సున్నం పోశాను, సాయంత్రం చింతపండు పోశాను, అన్నం పెట్టాను, అటుకులు పెట్టాను, కొలను కడిగాను. చేయనిదేమిటో చెప్పండి. ఒక్క పూట కూర్చున్నానా? ఒక్క పూట కన్నుమూశానా? ఇప్పుడు అది కూడా వెళ్ళిపోతానంటోంది. నేనింకేం చేయాలి?"

అయ్యవారికి కోపం రావడం అరుదు. ఆ రోజు వచ్చింది. "అమ్మా, మీరు చేసినవన్నీ ఒకరు మీకు చేసి ఉంటే ఈపాటికి మీరూ తేలేవారు," అని లేచారు.

వెనక కొట్టం దగ్గర సముద్రపు గుల్లల బస్తా ఒకటి ఉండేది. ఏటా వేసవిలో వాటిని బట్టీలో కాల్చి గోడలకు సున్నం చేసుకునేవారు. హైమవతి ఇన్నాళ్ళూ పోసింది ఆ కాల్చిన సున్నమే. అయ్యవారు కాల్చని గుల్లలు తీయించి, రోట్లో పలుకులుగా దంచమన్నారు. ఆమె విసవిసలాడుతూ దంచింది. పాతపంచ చింపి మూటకట్టి, తాడుతో కొలనులో దింపించారు. రెండూ ఒకటే సున్నం, గుణంలో తేడా ఉంది. కాల్చింది తొందరపడుతుంది, నీళ్ళలో పడీపడగానే తన ప్రతాపమంతా చూపిస్తుంది. కాల్చని గుల్ల నీళ్ళు పులుపెక్కినప్పుడు మాత్రం ఆ పులుపుకు తగినంత కరుగుతుంది, పులుపు తగ్గితే తనూ ఆగిపోతుంది. తరవాత వలబుట్టతో అడుగునున్న ఆకులూ కుళ్ళూ కలకబారకుండా తీయించారు. ఎండలో పెట్టి చలి విరిగిన నీళ్ళు రోజుకు రెండు బిందెలు, గట్టువారగా సన్నటి ధారతో పోయమన్నారు. ఆ మధ్యాహ్నం పంక్తిలో కూర్చుని, కొలనువైపు తిరిగి ఒక దండం పెట్టి, చేపముద్ద వేయకుండానే అన్నం కలుపుకున్నారు. పంక్తి అంతా ఆయన చేతివైపే చూసి, మరుక్షణంలో కలిపేసింది. ఆవిరొస్తున్న పప్పు తిని ఎన్నాళ్ళయిందో వాళ్ళకు.

"ఇప్పుడు నేనేం చేయాలి?" అని అడిగింది హైమవతి.

"రోజూ ఒకేవేళకు వెళ్ళి చూడండి."

"చూసి?"

"ఊరుకోండి."

"అదేం పని అయ్యవారూ!"

"ఈ ఆశ్రమంలో అంతకన్నా కష్టమైన పని నా దగ్గర లేదమ్మా. ఉంటే అదే ఇచ్చేవాణ్ణి."

నిజంగానే అది ఆమెకు నరకంలా తోచింది. సంతరోజు దగ్గరపడుతోంది. చెల్లెలు రెండు చీరలు మడతపెట్టి సంచిలో పెట్టుకుంది. కొలనులో చేపలు ఒరిగినవి ఒరిగినట్టే ఉన్నాయి. హైమవతి గట్టుమీద శాలువాలో చేతులు దాచుకుని కూర్చునేది. ఆ చేతులు ఊరుకునేవి కావు. ఒక్క చెంబు సున్నం పోస్తే ఏమవుతుంది అని ఒకటి, కాస్త అటుకులు చల్లితే ఏం పోయింది అని ఒకటి. వాటిని ఒకదానితో ఒకటి పట్టి ఉంచేది. కుసుమ వచ్చి ఆ చివర కూర్చునేది. తిన్నావా అని గొంతుదాకా వచ్చేది. మింగేసేది. నిద్ర పట్టిందా అని వచ్చేది. అదీ మింగేసేది. తన జన్మలో అన్ని మాటలు మింగిన మనిషి కాదు. కడుపు ఉబ్బినట్టుండేది. ఇంత చేతకానిదాన్నయ్యానా అని విసుగు, ఆ విసుగు ఎవరిమీద చూపించాలో తెలియక మరింత విసుగు.

అలా కొన్నాళ్ళు గడిచాక ఒక సాయంత్రం, నీళ్ళలోకి చూస్తూనే కుసుమ ఉన్నట్టుండి అంది.

"ఆయనకి చలంటే ఎంత భయమో తెలుసా అక్కా. ధనుర్మాసంలో మేజోళ్ళు వేసుకుని స్నానానికి వెళ్ళేవారు. తడిపేసుకుని వచ్చి, నువ్వెందుకు చెప్పలేదని నామీద ఎగిరేవారు."

హైమవతి శాలువాలో చేతులు ఇంకాస్త బిగించుకుంది.

"ఒకసారి మంకీ టోపీతోనే నీళ్ళు పోసుకున్నారు," అంటూ కుసుమ నవ్వసాగింది. నవ్వీ నవ్వీ, ఆ నవ్వు మధ్యలోనే మోకాళ్ళమీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. హైమవతి చేయి శాలువాలోంచి బయటికి వచ్చింది. ఓదార్చాలో, ఊరుకోమని కసరాలో, నీళ్ళు తేవాలో, దానికే తెలియదు. కాసేపు గాలిలో అలాగే ఆగి, మళ్ళీ శాలువాలోకి వెళ్ళిపోయింది. ఏడుపు ఎంతసేపు పట్టాలో అంతసేపు పట్టింది. తరవాత కుసుమ పైటచెంగుతో ముక్కు తుడుచుకుని, "ఆకలేస్తోంది, నర్సమ్మ ఏం చేసిందో," అని లేచి వెళ్ళింది.

సంతరోజు పొద్దున జీపు కిందిమలుపులో ఆగి హారను కొట్టింది. మళ్ళీ కొట్టింది. హైమవతి వంటశాల స్తంభాన్ని పట్టుకుని నిలబడింది. వెళ్ళమనీ అనలేదు, ఉండమనీ అనలేదు. కుసుమ సంచి ఒళ్ళో పెట్టుకుని అరుగుమీద కూర్చుని ఉంది.

"ఇవాళ చలి మరీ ఎక్కువగా ఉందక్కా," అంది చివరికి. "వచ్చే సంతకి చూద్దాంలే."

జీపు వెళ్ళిపోయాక హైమవతి పరీక్షపెట్టె తీసుకుని అయ్యవారి దగ్గరికి వచ్చింది. ముఖంలో సంతోషం ఉంది, దానిపక్కనే పాత చిరాకూ ఉంది.

"ఒరిగినవి లేచి నిలబడ్డాయి అయ్యవారూ. అడుగునే ఉన్నాయి గాని మొప్పలు నెమ్మదిగా ఆడుతున్నాయి. వాసన లేదు. కాని నాకొకటి అర్థం కావడం లేదు. మీరు ఒకేవేళకు చూడమన్నారు, నిజమే, ఉండబట్టలేక రెండు పూటలా చూశాను. పొద్దునకీ సాయంత్రానికీ రంగు ఇంకా మారుతూనే ఉంది. ఇంత చేసినా, ఏమీ చేయకుండా ఇన్నాళ్ళు కూర్చున్నా, ఆ రెండు రంగులూ ఒకటి కావడంలేదు!"

అయ్యవారు ఆమె చేతిలో గాజుగొట్టం తీసుకుని, వెలుతురుకేసి పట్టి చూసి, తిరిగి ఆమె చేతిలోనే పెట్టారు.

"కడవలో పట్టి మూతపెట్టిన నీళ్ళకైతే రోజంతా ఒకటే రంగుంటుందమ్మా," అన్నారు. "వాటిల్లో ఏదీ బతకదు."